పాత బండికీ ఒక గన్ ఉంచండి

సూర్యాపేటలో బండి వయసు తెలుసుకోవాలంటే ఆర్సీ అడగనక్కర్లేదు, నంబరు ప్లేటు చూస్తే చాలు. ఏపీ 24 అని ఉంటే ఉమ్మడి రాష్ట్రం నాటిది, అంటే 2014 జూన్‌కు ముందు కొన్నది. టీఎస్ 05 ఉంటే తెలంగాణ వచ్చాక నల్లగొండలో రిజిస్టర్ అయినది. టీఎస్ 29 అంటే 2016 దసరాకు మన జిల్లా ఏర్పడ్డాక వచ్చినది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత షోరూం గడప దాటినది. పొద్దున్నే కూరగాయల మార్కెట్ ముందు నిలబడి ఈ ప్లేట్లు చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. మూటలు మోసేవి, పాల క్యాన్లు వేలాడేవి, వెనక చీపుర్ల కట్టలు కట్టుకున్నవి ఎక్కువగా పాత ప్లేట్లవే. టీజీ బండ్ల మీద కాలేజీ పిల్లలు కనిపిస్తారు.

ఇప్పుడు ఏ బంకుకు పోయినా పోసేది ఈ20. అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోల్. దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో బండ్లు తయారు చేయాలన్న ఏర్పాటు 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఇంజిన్లను దానికి తగ్గట్టు ట్యూన్ చేసి ఇవ్వడం 2025 ఏప్రిల్ నుంచి. ఆ లెక్కన ఏపీ 24 బండ్లన్నీ, టీఎస్ బండ్లలో దాదాపు అన్నీ ఈ ఇంధనం కోసం పుట్టినవి కావు. పెట్రోల్ మారింది, బండి మారలేదు. ఈ తేడాకయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే నా ప్రశ్న.

ఇథనాల్ మీద నాకు పగ లేదు. సర్వీసంతా ప్రభుత్వ బడుల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. కాపురం సూర్యాపేటలో, ఎక్కువ కాలం పనిచేసింది కోదాడ వైపు, కూతుర్ని ఇచ్చింది మిర్యాలగూడలో. ఈ మూడు ఊళ్లలో నా దగ్గర చదువుకున్న పిల్లలు మెకానిక్ షెడ్లలో, పెట్రోల్ బంకుల్లో, రైస్ మిల్లుల్లో ఉన్నారు. కనిపించినప్పుడల్లా, "టీచర్, గీ కొత్త పెట్రోల్ సంగతేంది?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

కోదాడలో హైవే సర్వీసు రోడ్డు పక్కన నా పాత విద్యార్థి ఒకరికి షెడ్డు ఉంది. మొన్న వానాకాలంలో అటు వెళ్తే ఒక బండి కార్బురేటర్ విప్పి, కింది గిన్నె నా చేతిలో పెట్టాడు. అడుగున గోధుమ రంగు మడ్డి, గోడలకు తెల్లటి పొడి అంటుకొని ఉన్నాయి. ఓ రింగు ఉబ్బి దాని గాడిలో కూర్చోవడం లేదు. "చూడుండ్రి టీచర్, వానలు పడ్డంక గిట్లనే వస్తున్నయి. ట్యాంకుల నీళ్లున్నయని నేనంట. మా పెట్రోల్ల నీళ్లెక్కడియని బంకోళ్లంటరు. బండాయన మా ఇద్దర్నీ తిడుతడు" అన్నాడు.

బడిలో వాడే నూరు మిల్లీలీటర్ల కొలజాడీ నా దగ్గర ఒకటి ఉంది. మరోసారి వెళ్లినప్పుడు దాన్ని తీసుకెళ్లాను. షెడ్డు బయట, నిప్పుకు దూరంగా, అందులో పది గీత దాకా నీళ్లు పోసి, పైన నూరు గీత వరకు బంకు నుంచి తెచ్చిన పెట్రోల్ పోశాం. మూత బిగించి తిప్పి కదిలించి, నిలబెట్టి వదిలేశాం. కాసేపటికి రెండు పొరలు విడిపోయాయి. కింది పొర ఇప్పుడు పది గీత దగ్గర లేదు, ఇరవై ఐదు దాటింది. పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగిపోయింది. పైన మిగిలింది ఇథనాల్ పోయిన పెట్రోల్.

ట్యాంకులో జరిగేదీ ఇదే. ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. కొంచెం తేమ చేరితే తనలో కలుపుకొని ఇంజిన్‌లోకి పంపేస్తుంది, అంతవరకు ఇబ్బంది లేదు. హద్దు దాటితే మాత్రం నీటితో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కు చేరుతుంది. పెట్రోల్ పైపు మొదలయ్యేది ఆ అడుగు నుంచే. పాత బండి ట్యాంకు మూత రబ్బరు అరిగిపోయి ఉంటుంది, రాత్రంతా బయట వానలో నిలబడుతుంది. లోపలికి పోయేది కొద్ది నీళ్లే అయినా, విప్పి చూసేసరికి అడుగున అంతకు రెండు మూడింతల ద్రవం కనిపిస్తుంది. చూసినవాళ్లు బంకులో కల్తీ జరిగిందనుకుంటారు. మెకానిక్ చెప్పేది అబద్ధం కాదు, బంకు కుర్రాడు చెప్పేదీ చాలాసార్లు అబద్ధం కాదు. ఈ సంగతి వాళ్లిద్దరికీ, బండాయనకూ ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక మైలేజీ. దీని మీద ఊళ్లో పుకార్లు ఎక్కువ, లెక్క తక్కువ. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. ఎనభై పాళ్లు, ఇరవై పాళ్లు కలిపి లెక్కేస్తే 29.8 వస్తుంది. ఇథనాల్ కలపని పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు ఏడు శాతం తక్కువ. 2022 నుంచి మనం పోయించుకుంటున్న పది శాతం మిశ్రమంతో పోలిస్తే మూడున్నర, నాలుగు శాతం తక్కువ. కాబట్టి, "నా బండి మైలేజీ సగానికి పడిపోయింది" అనేవాళ్లు ఇథనాల్‌ను తిట్టే ముందు ఎయిర్ ఫిల్టర్, క్లచ్, టైరులో గాలి చూపించుకోవాలి. అలాగే తేడా ఏమీ లేదనేవాళ్లు పదో తరగతి పుస్తకం ఇంకోసారి తిరగేయాలి.

నాలుగు శాతం చిన్నదా? పాలు పోసే మనిషి రోజుకు రెండు లీటర్లు కొట్టిస్తాడనుకుందాం. లీటరు 107 రూపాయలనుకున్నా 214. అందులో నాలుగు శాతం ఎనిమిదిన్నర రూపాయలు. నెలకు 250 పైచిలుకు, ఏడాదికి మూడు వేలు. నాలాంటి పెన్షనర్‌కు తెలియకుండా పోయే మొత్తం ఇది. ఆయనకు మాత్రం రెండు సర్వీసింగుల డబ్బు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన రోడ్ మ్యాప్‌లోనే ఉంది. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందించి, పది శాతానికి సరిచేసిన కార్లకు ఈ20తో ఆరేడు శాతం, అలాంటి ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని అందులో అంచనా వేశారు. అదే పత్రంలో ఇంకో మంచి మాట కూడా ఉంది: శక్తి తగ్గిన మేరకు వినియోగదారు నష్టపోకుండా మిశ్రమ ఇంధనం ధర మామూలు పెట్రోల్ కంటే తక్కువ ఉండాలి. మొదటి మాట నిజమైంది. రెండోది కాగితం మీదే ఉండిపోయింది.

2025 ఆగస్టులో దీనిమీద గొడవ పెరిగినప్పుడు పెట్రోలియం శాఖ జవాబిచ్చింది. అప్పట్లో ఇథనాల్ చౌక, ఇప్పుడు సేకరణ ధరే పెరిగింది, 2025 జులై నాటికి సగటున లీటరుకు 71 రూపాయల 32 పైసలు పడుతోంది, శుద్ధి చేసిన పెట్రోల్ కంటే అదే ఖరీదు అని చెప్పింది. నిజమే కావచ్చు. ఇథనాల్ కలపడం వల్ల 2014-15 నుంచి 1.44 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకద్రవ్యం మిగిలిందని కూడా ఆ శాఖే చెప్పింది. దేశానికి అంత మిగిలినప్పుడు, పాల మనిషికి ఏడాదికి పోయే మూడు వేలు ఆ లెక్కలో ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా!

ఇంజిన్ పాడవుతుందా అన్నదానికి అదే శాఖ రెండు జవాబులిచ్చింది. కార్బురేటర్ బండ్లను, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లను మొదటి లక్ష కిలోమీటర్ల వరకు పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనాల్లో పవర్‌లో, ఇంధన వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నది ఒకటి. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చు, అది చౌకైన పని అన్నది రెండోది. మొదటి జవాబులో ఒక చిన్న పదం ఉంది, "మొదటి" లక్ష. ఏపీ 24 బండ్లు చాలావరకు ఆ మొదటి లక్ష ఎప్పుడో దాటేశాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు పరీక్షలు చేసి డెబ్బై ఏళ్ల పెద్దాయనకు మందు రాసిచ్చినట్టుంది ఈ భరోసా.

పాత బండిలో ఏం జరుగుతుందో చెప్పుకుందాం. ఇథనాల్ మంచి ద్రావణి. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును, తుప్పును కడిగి కిందికి దించుతుంది. ఆ మడ్డంతా ఫిల్టర్‌లో, జెట్‌లో ఇరుక్కుంటుంది. పాతకాలపు రబ్బరు పైపులు, వాషర్లు మొదట ఉబ్బుతాయి, తర్వాత గట్టిపడి పగుళ్లు ఇస్తాయి. తడి చేరిన ఇథనాల్ అల్యూమినియం, జింకు భాగాలను తింటుంది. కార్బురేటర్ గిన్నెలో కనిపించే తెల్లటి పొడి అదే. ఇథనాల్‌లో ఆక్సిజన్ కూడా ఉంటుంది కాబట్టి అది మండడానికి బయటి గాలి తక్కువ చాలు. సెన్సర్ ఉన్న కొత్త బండ్లు ఈ సంగతి పసిగట్టి పెట్రోల్ కాస్త ఎక్కువ వదులుతాయి. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతుంటే అంతే వదులుతుంది. గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువై చలికాలం పొద్దున కిక్కు మీద కిక్కు కొట్టాల్సి వస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి దగ్గుతుంది.

వీటికి మందు లేకపోలేదు. మంచి మెకానిక్ ఎయిర్ స్క్రూ సరిచేస్తాడు, కావాలంటే ఒక సైజు పెద్ద జెట్ వేస్తాడు. పైపు, వాషర్లు మారిస్తే కొన్ని వందలతో పోతుంది. "చౌకైన పని" అన్న మాట ఈ మేరకు నిజం. రోజు కూలి పోగొట్టుకొని షెడ్డు ముందు కూర్చోవాల్సిన మనిషికి ఆ కొన్ని వందలు ఎంత అన్నది వేరే మాట.

ఈ చర్చలో ఎవరూ తలవని ఇంజిన్లు ఇంకొన్ని ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు వరి రైతు ఇళ్లలో తైవాన్ స్ప్రేయర్ కనిపిస్తుంది. వాటిలో చాలా వరకు పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ మిషన్లు. పాత ఎక్స్ఎల్ బండ్లదీ అదే పద్ధతి. స్ప్రేయర్‌తో సీజన్‌లో కొన్నాళ్లే పని. తర్వాత మిగిలిన పెట్రోల్‌తోనే పశువుల కొట్టంలో మూలకు చేరుతుంది. తేమ పట్టి పొరలు విడిపోతే, కలిపిన ఆయిల్ పై పొరలోని పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. కింది పొరలో ఆయిల్ ఉండదు. మళ్లీ నాట్లయ్యాక తాడు లాగి స్టార్ట్ చేస్తే మొదట లోపలికి పోయేది ఆ కింది పొరే. ఆయిల్ లేక పిస్టన్ పట్టేస్తుంది. మిషన్ కంపెనీ మంచిది కాదని రైతు తిట్టుకుంటాడు. పెట్రోలియం శాఖ వివరణలన్నీ కార్లు, బైకుల చుట్టే తిరిగాయి. చేను గట్టు మీది ఇంజిన్ ఊసు వాటిలో లేదు.

ఇథనాల్ రైతుకు మేలంటారు. చెరకు, మొక్కజొన్న పండించే చోట ఆ మేలు కనిపిస్తుంది, కాదనను. మనది వరి సీమ. మిర్యాలగూడ మిల్లుల నూకలకు ఇథనాల్ ఫ్యాక్టరీలు కూడా గిరాకీదారులే. ఎఫ్‌సీఐ గోదాముల బియ్యాన్ని కూడా కేంద్రం క్వింటా 2,250 రూపాయలకు ఇథనాల్‌కు ఇచ్చింది. టన్ను బియ్యం నుంచి 450 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది. సాగర్ నీళ్లతో పండిన గింజ మిల్లు దాటి, ఫ్యాక్టరీ దాటి, బంకు దాటి మళ్లీ ఆ రైతు బండిలోకే వస్తోంది. గింజ అమ్మినప్పుడు ధర అతని చేతిలో లేదు, పెట్రోల్ కొన్నప్పుడూ లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని రైతులు రోడ్డెక్కిన సంగతి కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

మరి మిగతా దేశాలు ఎలా చేశాయి? బ్రిటన్ 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోల్‌ను పది శాతం ఇథనాల్‌కు మార్చింది. పాత బండ్లవాళ్ల కోసం సూపర్ రకంలో ఐదు శాతం మిశ్రమాన్ని అలాగే ఉంచింది, ఏ బండికి ఏది సరిపోతుందో చూసుకునే ఏర్పాటు చేసింది. అమెరికాలో పదిహేను శాతం మిశ్రమాన్ని 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతించారు. మోటార్ సైకిళ్లలో పోయడం నిషేధం, ఆ మాట పంపు మీదే అంటించి ఉంటుంది. బ్రెజిల్ 2025 ఆగస్టులో 30 శాతానికి వెళ్లింది. మనవాళ్లు తరచూ ఆ దేశాన్నే చూపిస్తారు. కానీ బ్రెజిల్ ఈ పని పెద్ద ఎత్తున 1975లోనే మొదలుపెట్టింది. ఏ మిశ్రమమైనా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు 2003 నుంచి అక్కడ అమ్ముతున్నారు. అక్కడి బంకులో పెట్రోల్, ఇథనాల్ పక్కపక్కనే ఉంటాయి. పెట్రోల్ ధరలో ఇథనాల్ ధర 70 శాతం లోపుంటే ఇథనాల్ కొట్టిస్తారు, లేకపోతే పెట్రోల్. శక్తిని బట్టి ధర చూసుకునే అవకాశం అక్కడ కొనేవాడికి ఉంది.

మనకు ఆ అవకాశం ఇవ్వమని, ఇథనాల్ లేని పెట్రోల్ కూడా బంకుల్లో ఉంచమని సుప్రీంకోర్టులో పిల్ వేస్తే 2025 సెప్టెంబరు 1న కోర్టు కొట్టేసింది. మంచిదే, విధానాలు చేసేది ప్రభుత్వం కాబట్టి ప్రభుత్వాన్నే అడుగుదాం. ఇథనాల్ అసలే లేని పెట్రోల్ కావాలని నేను అడగడం లేదు. పది శాతం మిశ్రమం చాలు. పాత బండ్లు దాంతో ఏళ్లుగా నడిచాయి. మా అల్లుడు 2019లో కొన్న కారుతో వచ్చిన పుస్తకంలోనూ పది శాతం వరకు వాడవచ్చనే ఉంది.

రెండు రకాలు అమ్మడం కష్టమన్న వాదన నిలవదు. ఇథనాల్ కలిపేది బంకులో కాదు, ఆయిల్ కంపెనీల డిపోలో. ట్యాంకర్‌లోకి ఇరవై పాళ్లు పంపే చోట పది పాళ్లు పంపడం కొత్త విద్యేమీ కాదు. చాలా బంకుల్లో ప్రీమియం పెట్రోల్ కోసం వేరే ట్యాంకు, వేరే గన్ ఇప్పటికే ఉన్నాయి. డబ్బున్న కారుకు ఒక గన్ ఉంచగలిగినప్పుడు పాత బండికి ఒకటి ఉంచలేరా? ప్రతి బంకులోనూ అక్కర్లేదు. సూర్యాపేటలో రెండు, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో రెండు బంకులు చాలు. అదీ కలకాలం కాదు, ఏపీ 24, టీఎస్ ప్లేట్లు రోడ్డు దిగేదాకా ఒక పదేళ్లు.

ఆ లోపు మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాలి. వానాకాలంలో ట్యాంకు అడుగంటకుండా చూసుకోండి, ఖాళీ జాగా ఎంతుంటే తడిగాలి అంత చేరుతుంది. ట్యాంకు మూత రబ్బరు మార్పించండి. వారాల తరబడి కదలని బండిలో పెట్రోల్ నిల్వ ఉంచకండి. స్ప్రేయర్ మూలకు పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడపండి. అనుమానం వస్తే బంకులో డెన్సిటీ చూపించమని అడగండి, ఫిర్యాదుల పుస్తకం అడగండి. రెండూ మన హక్కులే.

సోమవారం ప్రజావాణికి పోయేవాళ్లు భూమి పాసుబుక్కుల కాగితాలతో పాటు ఇంకో కాగితం తీసుకెళ్లాలని నా సలహా. అందులో నాలుగు మాటలు చాలు. ప్రతి గన్ మీద ఈరోజు పోస్తున్న పెట్రోల్‌లో ఎంత శాతం ఇథనాల్ ఉందో తెలుగులో రాయించండి. పాత బండ్లకు పది శాతం మిశ్రమం ఊరికి ఒకటి రెండు బంకుల్లో ఉంచండి. ఈ20 ధర తగ్గిన శక్తికి తగ్గట్టు లీటరుకు మూడు నాలుగు రూపాయలు తగ్గించండి. నాట్లకు ముందు మార్కెట్ యార్డుల్లో క్యాంపులు పెట్టి పాత బండ్లకు, స్ప్రేయర్లకు పైపులు, వాషర్లు ఆయిల్ కంపెనీల ఖర్చుతో మార్పించండి. గన్ మీద రాయించే పని కలెక్టరు పిలిచి చెబితే జిల్లాలోనే మొదలవుతుంది. మిగతా మూడూ ఢిల్లీలో తేలాల్సినవి. నల్లగొండ ఎంపీ నియోజకవర్గంలోనే ఈ మూడు ఊళ్లూ ఉన్నాయి, పార్లమెంటులో అడగాల్సిన మనిషి ఎవరో వెతుక్కోనక్కర్లేదు.